బెంచీ వెనక చోటు

మా బెంచీ ఒక ఆదివారం మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో వచ్చింది. నెల్లిమర్ల దగ్గర మా ఊరి చర్చిలో, ముందు వరుసలో, కుడివైపున ఉండే టేకు బెంచీ. చర్చికి కొత్తగా పలకలు పరిచారు, ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించారు, పాత సామాను తీసేస్తున్నారు. కుర్ర పాస్టరు ఫోను చేసి, "అయ్యగారూ, అది మీ ఇంటి బెంచీ కదండీ. బయట పడేయడం ఇష్టం లేక మీకే పంపించేస్తన్నాం" అన్నాడు. ఆ చర్చి నిలబడిన స్థలం మా తాతగారు ఇచ్చినది. ఆ సంగతి అతనికి తెలియదు, నేను చెప్పలేదు. చెప్పుకుంటే తప్ప తెలియని గొప్పతనాన్ని చెప్పుకోవడం మా ఇంట్లో లేదు.

నేను ఇప్పుడు ఉంటున్నది అరసవల్లిలో, గుడికి పోయే వీధిలో, రెండు గదుల వాటాలో. ఆటో అతను బెంచీని దించి, ఒక చివర పట్టుకొని గుమ్మంలోకి దూర్చి చూశాడు, నిలువుగా లేపి చూశాడు, పక్కకు తిప్పి చూశాడు. చివరికి తువ్వాలుతో మొహం తుడుచుకొని, "ఏటండీ మాస్టారూ ఇది, బెంచీయా, పడవా? మీ ఇల్లు దీని మీద పట్టేస్తాది గానీ ఇది మీ ఇంట్లో పట్టదండి" అన్నాడు. ఇంటి యజమానురాలు పక్క గుమ్మంలోంచి తొంగి చూసి, "దారికడ్డం ఎట్టీకండి మాస్టారూ, ఆదివారం జనం. అరుగు మీద ఏయించీయండి" అంది. అరుగు మీద వేయించాను. గుడ్డ తెద్దామని నేను లోపలికి వెళ్ళి వచ్చేలోపే దాని మీద మనుషులు వరుసగా కూర్చొని ఉన్నారు. సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చి ఎండకు సోలిపోయిన వాళ్ళు. వాళ్ళలో ఒకావిడ చెప్పులు విడిచి, కాళ్ళు పైకి ముడుచుకొని, "మంచి బల్లేయించినారు బాబూ, పున్నెముంటాది" అంది. ఆవిడ కూర్చున్నది మా నాయనమ్మ కూర్చునే చోటు. లేవమనే మాట నోటిదాకా వచ్చింది; గుడ్డ భుజాన వేసుకొని లోపలికి వెళ్ళాను.

సాయంత్రం వాళ్ళంతా వెళ్ళాక తడిగుడ్డతో తుడిచాను. పాలిష్ పోయింది గాని కొయ్య చెడలేదు. ఆనుకునే పలక పైఅంచున, ఎడమ చివరకు జానెడు దూరంలో, ఒక చోట కొయ్య మిగతా అంచుకంటే నల్లగా, నున్నగా ఉంది. ఎంత రుద్దినా ఆ నలుపు పోలేదు. పోదని నాకు తెలుసు. అది మా అమ్మ చేతుల చెమట.

ఈ బెంచీ మొదట చర్చిది కాదు. మా ఇంటి హాల్లో, తాతగారి పటం కింద ఉండేది. ఇల్లు అమ్మిన ఏడు చర్చికి ఇచ్చాం. ఇల్లు ఉన్న రోజుల్లో తెల్లవారకముందే హాలు ఊడ్చి, నీళ్ళు చల్లి, దీపం ఒత్తి తగ్గించేవారు. వంటింట్లోంచి కాఫీ గింజలు వేగిన వాసన, నాయనమ్మ చేతిగుడ్డ నుంచి నీలగిరి తైలం వాసన, వర్షాకాలమైతే గోగునార మిల్లు వైపు నుంచి తడిసిన నార వాసన. ఈ మూడు వాసనల మధ్య మా కుటుంబ ప్రార్థన జరిగేది. నాన్న ఒక అధ్యాయం చదివేవాడు. ఒక కీర్తన పాడేవాళ్ళం. ఆ తరువాత నాయనమ్మ చెయ్యి ఎత్తేది. అప్పటినుంచి ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. దేవుడు మాట్లాడే సమయం అది. పొద్దుటి షిఫ్టుకు మిల్లు కూసేదాకా ఆయనకు గడువు.

మిల్లు కూయగానే నాయనమ్మ కళ్ళు తెరిచి, వరుసగా ఒక్కొక్కరినీ చూసి, "ప్రభువు నీతో ఏమి సెలవిచ్చెను?" అని అడిగేది. విన్నవాళ్ళు విన్నది చెప్పి బెంచీ మీద కూర్చోవాలి. వినని వాళ్ళు, విన్నామన్నా ఆవిడ ఒప్పుకోని వాళ్ళు, బెంచీ వెనక్కి వెళ్ళి, ఆ పై అంచు పట్టుకొని నిలబడాలి. కూర్చున్నవాళ్ళు కాఫీ తాగి, ఫలహారం చేసి లేచేదాకా అలాగే ఉండాలి. ఆ పూట తిండి వాళ్ళకు అందరి తరువాత. దాన్ని శిక్ష అనేవారు కాదు. కనిపెట్టుకొని ఉండడం అనేవారు.

మా ఇంట్లో దేవుడు పాత బైబిలు తర్జుమా తెలుగులోనే మాట్లాడేవాడు. నాయనమ్మ ఆ భాషే మాట్లాడేది. బండివాడితోనూ, పాలమనిషితోనూ అదే. ఉత్తరాంధ్ర యాస మా గడప లోపల వినబడకూడదు. నాన్నకు రోజూ "సమాధానము కలిగియుండుము" అని వినబడేది. ఆయన మిషన్ బడిలో ఉపాధ్యాయుడు, చదువుకున్నవాడు. ఆ ఒక్క మాటతో జీవితమంతా కూర్చొని కాఫీ తాగాడు. నాయనమ్మకు మాత్రం ప్రతిరోజూ కొత్త సంగతులు తెలిసేవి. పనిమనిషిని మాన్పించమని, తోట కౌలు మార్చమని, నాన్న స్నేహితుణ్ణి గడప తొక్కనివ్వవద్దని. దేవుడు ఆవిడను ఏదైనా మానుకోమని చెప్పిన రోజు నాకు గుర్తు లేదు. ఆయన ఆవిడ ద్వారా మిగతావాళ్ళను మానుకోమనేవాడు. నేనూ ఆ హాల్లోనే పెరిగాను. ఏ మాట అంటే కూర్చోవచ్చో నాకు చిన్నప్పుడే తెలిసింది. నేను ఒక్కసారి కూడా బెంచీ వెనక నిలబడలేదు.

అమ్మ నిలబడేది. అమ్మది పాతపట్నం అవతల, ఒరియా మాటలు కలిసే పల్లె. మెట్టపొలం, పేదరికం, రెండు తరాల క్రైస్తవం. వాళ్ళ నాన్న అక్కడి చిన్న సంఘంలో కీర్తనలు పాడేవాడు. ఆ గొంతు విని, పిల్లకూ భక్తి ఉంటుందని నాయనమ్మ కోడలిగా తెచ్చుకుంది. పుట్టింటి పేరు నీలమ్మ. పెళ్ళినాడు నాయనమ్మ ఆ పేరు తీసేసి కృపావతి అని పెట్టింది. ఇంట్లో ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇద్దరే, నాయనమ్మా నాన్నా. వాళ్ళు పిలిచినప్పుడు అమ్మ ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యంగా పలికేది.

అమ్మకు నిజంగా వినబడేది. ఇది నేను భక్తితో అంటున్న మాట కాదు, చూసిన మాట. హాల్లో, చెయ్యి ఎత్తిన మౌనంలో వినబడేది కాదు. పొయ్యి దగ్గర, చేటలో బియ్యం చెరుగుతున్నప్పుడు వినబడేది. చెరుగుతూ చెరుగుతూ చెయ్యి ఆపి తల ఒక పక్కకు వంచేది. ఒకసారి అలా ఆగి, పొయ్యి మీది గంజి చెంబులోకి ఒంపి, "ఒరే నాన్నా, పద" అని నన్ను తీసుకొని వెనక గుమ్మం నుంచి మిల్లు కూలీల వరుస ఇళ్ళకు నడిచింది. మూడో ఇంట్లోనో నాలుగో ఇంట్లోనో ఒక బాలింత చాప మీద పడి ఉంది. మొగుడు ఊళ్ళో లేడు. పొయ్యిలో బూడిద చల్లారి ఉంది. ఆ మనిషి అమ్మను చూసి, "ఎవుల్నీ పిలవలేదే అమ్మా నాను, నీకెవులు సెప్పినారు?" అంది. అమ్మ ఆమె తల ఎత్తి గంజి తాగించింది. తిరిగి వస్తుంటే నేను అడిగాను.

"దేవుడేనా చెప్పింది?"

"మరెవులు?"

"ఎలా మాట్లాడాడు? గట్టిగానా?"

"గట్టిగా సెప్పడురా ఆయన. పనిలో ఉంటే పక్కనొచ్చి మనిషి కూకున్నట్టుంటాది. ఆ మనిషికేటి కావాలో నీకు తెలుస్తాది. తెలిసినాక లెగాలి. లెగకుండా ఆలోసిస్తే ఆయన లేచెల్లిపోతాడు."

ఈ గంజి సంగతి నాయనమ్మకు తెలిసింది. మర్నాడు ఉదయం మిల్లు కూశాక అమ్మను అడిగింది. అమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది: "గంజట్టుకెల్లు అన్నాడండి." నాయనమ్మ మొహం మీద ఈగ వాలినట్టు చెయ్యి ఆడించి, "దేవుడు అలా మాట్లాడడు" అంది. అమ్మ బెంచీ వెనక్కి వెళ్ళి నిలబడింది. ఎడమ చివరకు జానెడు దూరంలో. అది అలవాటైన చోటు. ఒకసారి నాన్న గొంతు తగ్గించి, "ఆవిడ కోరినట్టు రెండు మాటలు చెప్పేస్తే పోతుంది కదా కృపా" అనడం నేను విన్నాను. "ఆయన అనని మాట అన్నాడని ఎలగ సెప్తానండీ?" అంది అమ్మ.  ఏమీ అనకపోవడం నాన్నకు ఒక విద్య.

ఒక కోతపండుగకు ముందు అమ్మ తమ్ముడు వచ్చాడు. మోకాళ్ళదాకా దుమ్ముతో, చేతిలో ఒక సంచీతో, హాల్లోకి రాకుండా వసారా మెట్టు మీద కూర్చున్నాడు. రమ్మని ఎవరూ అనలేదు. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"అప్పా, అమ్మకి బాగోలేదే" అన్నాడు. వాళ్ళ వైపు అక్కను అప్ప అంటారు. "గుక్క దిగట్లేదు. నిన్నే కలవరిస్తన్నాది. నీలమ్మొచ్చిందా, నీలమ్మొచ్చిందా అని గుమ్మమేపే సూస్తన్నాది. ఉన్నపళంగా బయల్దేరు, సాయంత్రం బస్సుందట."

అమ్మ నాయనమ్మ వైపు తిరిగింది. నాయనమ్మ బెంచీ మీద కూర్చొని కిస్మిస్‌లు ఏరుతోంది. పండుగనాడు మిషన్ పెద్దలు మా ఇంట భోజనానికి వస్తారు. అది తాతగారి కాలం నుంచీ ఉన్న మర్యాద. ఆ వంటంతా అమ్మ చేతిమీదుగా నడవాలి. ఈ మాట నాయనమ్మ అనలేదు. అనదు. తల ఎత్తకుండానే, "ప్రభువు సెలవిచ్చిన యెడల వెళ్ళవచ్చును. ఉదయమున అడుగుదము" అంది.

"అమ్మగారూ, పొద్దుటిదాకా ఎలగండీ?" అన్నాడు మామయ్య. "ముసిల్ది ఆగాలి కదండీ?"

"ప్రాణములు ప్రభువు చేతిలోనివి, నీ చేతిలోనివి కావు" అంది నాయనమ్మ. మామయ్యకు ఆ భాష అర్థమైందో లేదో తెలియదు, ఆ గొంతు అర్థమైంది. ఆ రాత్రి వసారాలోనే పడుకున్నాడు.

మర్నాడు మిల్లు కూసింది. నాయనమ్మ మొదట అమ్మనే అడిగింది. అమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి గాని మాట వణకలేదు. "ఎల్లు, బేగెల్లు అన్నాడండి" అంది.

"దేవుడు అలా మాట్లాడడు. అది నీ శరీరము మాట్లాడుచున్నది. వెనుక నిలబడి కనిపెట్టుము."

అమ్మ నిలబడింది. నాయనమ్మ నాన్న వైపు తిరిగి అడిగింది. ఆ హాల్లో ఆ క్షణాన నాన్న ఒక్క మాట, వెళ్ళుము అనే మాట, నాయనమ్మకు నచ్చే ఆ భాషలోనే అని ఉంటే అమ్మ సాయంత్రం బస్సు ఎక్కేది. కొడుకుకు దేవుడు చెప్పింది కాదనే ధైర్యం నాయనమ్మకు కూడా ఉండేది కాదు. నాన్న వసారాలో కూర్చున్న మామయ్యను చూశాడు, అమ్మ చేతులను చూశాడు, కాఫీ గ్లాసును చూశాడు. "సమాధానము కలిగియుండుము అనెను" అన్నాడు. నాయనమ్మ గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

మామయ్య ఒక్కడే వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వంటింటి కిటికీ దగ్గరకు వచ్చి, "ఒసే అప్పా, నీకు కాళ్ళు లేవేటే? లెగిసి రాయే! ఈళ్ళెవులు?" అన్నాడు. అమ్మ కిటికీ ఊచ పట్టుకొని, "ఒరే, గుంటడున్నాడురా" అంది. ఆ గుంటడు నేను. నన్ను వదిలి వెళ్తే తిరిగి గడప తొక్కనివ్వరని ఆమెకు తెలుసు. ఆ తరువాత పండుగ వచ్చేదాకా ప్రతి ఉదయం అదే ప్రశ్న, అదే జవాబు, అదే చోటు. నాయనమ్మకు విసుగు రాలేదు. "ఆయన గ్రంథములో మాట్లాడినట్లు మాట్లాడినచో నేనే బండి కట్టించెదను" అనేది. అమ్మకు ఆ భాష రాక కాదు, అన్ని అధ్యాయాలు కంఠతా వచ్చు. ఆయన గొంతును తాను మార్చడం ఆమెకు చేతకాలేదు.

పండుగ భోజనం బాగా జరిగింది. మిషన్ పెద్దలు రెండోసారి కూర వడ్డించుకుంటుండగా మామయ్య గేటు దగ్గర కనబడ్డాడు. ఈసారి మెట్టు మీద కూడా కూర్చోలేదు. గేటు బయటే నిలబడి, అందరూ వినేలా, "అప్పా, అయిపోయిందే. మట్టి కూడా ఇచ్చీసినాం" అన్నాడు. అని, వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాడు. అమ్మ చేతిలో గరిటె ఉంది. నాయనమ్మ అతిథుల వైపు చూసి, "కోడలి తల్లి ప్రభువునందు నిద్రించినది. ఆయన చిత్తము" అంది. వాళ్ళు తలలు వంచి ఒక ప్రార్థన చేశారు. అమ్మ గరిటె దించకుండా, పంక్తి చివరిదాకా వడ్డించింది.

మర్నాడు ఉదయం మిల్లు కూశాక నాయనమ్మ అడిగింది. అమ్మ కళ్ళు ఎత్తి ఆవిడను సూటిగా చూసి, "ఓర్పుగలిగి నీ స్థలమందు నిలిచియుండుము, నేనే నీ ఆదరణ అని సెలవిచ్చెను, అత్తయ్యగారూ" అంది. ఒక్క అక్షరం తప్పు లేదు. యాస లేదు. ఆ మాట ఆమె వినలేదని హాల్లో ఉన్న ప్రతివాళ్ళకూ తెలుసు. నాయనమ్మ మొహం వెలిగిపోయింది. చేత్తో బెంచీ మీద తట్టి, "ఇటు కూర్చుండుము" అంది. అమ్మ వెళ్ళి పక్కన కూర్చొని కాఫీ తాగింది. ఆ రోజు తరువాత అమ్మ మళ్ళీ ఎప్పుడూ నిలబడలేదు.

ఇల్లు చితికిపోయిన కథ పెద్దది, ఇక్కడ అవసరం లేదు. చర్చి ఆవరణలో కొంత భాగం మాదేనని దావా వేయమని నాయనమ్మకు వినబడింది. కింది కోర్టులోనూ, పై కోర్టులోనూ ఆవిడకు వినబడుతూనే ఉంది, మేము ఓడిపోతూనే ఉన్నాం. తోట పోయింది, పొలం పోయింది, నాన్న పోయాడు. నాన్న చివరి రోజు ఉదయం కూడా ఏమి వినబడిందని నాయనమ్మ అడిగింది, ఆయన ఆ పాత మాటే చెప్పాడు. చివరికి హాలు చుట్టూ ఉన్న గదులు పరాయివాళ్ళకు అద్దెకిచ్చి, హాల్లోనే వండుకొని, హాల్లోనే పడుకునే స్థితికి వచ్చాం. మా ముందు తలపాగా తీసి నిలబడిన వాళ్ళ మనవలు మమ్మల్ని జాలిగా పలకరించేవారు. వెన్ను వంచకుండా బదులు పలికాం. ఆ ఒక్కటీ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను, దానికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ హాల్లోనే నాయనమ్మ మంచం పట్టింది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి కొంతకాలమైంది. అమ్మ చేసిన సేవకు ఊరంతా మెచ్చుకుంది. వీపు పుండ్లు పడకుండా తిప్పడం, గోరువెచ్చని నీళ్ళతో తుడవడం, జావ చెంచాతో పట్టడం, అన్నీ వేళకు జరిగేవి. ఉదయం ప్రార్థన కూడా వేళకు జరిగేది. అయితే ఇప్పుడు చెయ్యి ఎత్తేది అమ్మ. ఒకరోజు నాయనమ్మ తనను చర్చికి మోసుకెళ్ళమని, చివరిసారి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవాలని అడిగింది. అమ్మ దుప్పటి అంచు సర్ది, "ప్రభువు ఇంకను సెలవియ్యలేదు అత్తయ్యగారూ. కనిపెట్టుకొనియుండుడి" అంది. పాస్టరును ఇంటికి పిలుస్తానని నేను అన్నాను. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు చూశాక నేను మళ్ళీ అనలేదు. ఆదివారాలు గడిచాయి. నాయనమ్మ ప్రతి ఆదివారం అడిగింది, అమ్మ అదే జవాబు అదే మెత్తని గొంతుతో చెప్పింది.

జబ్బు ముదిరేకొద్దీ నాయనమ్మ మాట మారిపోయింది. మొదట మేము అది సంధి ప్రేలాపన అనుకున్నాం. "దాహమేస్తన్నాది", "ఒల్లంతా మండిపోతన్నాది", "దుప్పటి తీసీయే". ఆవిడ నోట మేము ఎన్నడూ వినని మాటలు. ఎక్కడివో తరువాత తెలిసింది. పక్క ఊరి నుంచి ఆవిడ ఈడు మనిషి ఒకామె చూడడానికి వచ్చి, వసారాలో నాతో చెప్పింది. నాయనమ్మ తల్లిదండ్రులు లేని పిల్ల. కూలివాళ్ళ బిడ్డ. ఏదో ఊళ్ళో ఆడపిల్లల బోర్డింగులో పెరిగింది. "ఆ దినాల్లో మా యాసలో మాటాడితే నోట్లో ఉప్పోసీవోరు బాబూ" అంది ఆ ముసలామె. "సన్నుప్పు కాదు, గల్లుప్పు. కరిగిందాకా మింగకూడదు, ఉమ్మకూడదు. మీ నాయనమ్మకే ఎక్కువ పోసినారు, అది మొండిది. ఆకరికి మాకన్నా అదే బాగా మాటాడింది." ఈ సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ చెరుగుతున్న చేట ఆపలేదు. "తెలుసు" అంది. 

ఒక ఉదయం మిల్లు కూశాక, అమ్మ అడగకుండానే నాయనమ్మ కళ్ళు తెరిచింది. ఆ మొహంలో నెమ్మది కనబడింది. అలాంటి నెమ్మది ఆవిడ మొహంలో నేను అంతకుముందు చూడలేదు. అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీలమ్మా" అంది. ఆ పేరు ఆవిడే తీసేసింది. "ఇనపడిందే. ఇన్నాళ్ళకి ఇనపడిందే నాకు."

"ఏమని?"

"'రాయే గుంటా, బేగి రా, నా కాడ కూకో' అంతన్నాడే. మాయమ్మ పిలిసినట్టు పిలస్తన్నాడు."

వంటింట్లో పాలు పొంగుతున్నాయి. పొంగి పొయ్యి మీద పడిన చప్పుడు, మాడిన వాసన. అమ్మ లేవలేదు. నాయనమ్మ వేళ్ళు ఒక్కొక్కటే తన చేతి మీద నుంచి విడదీసి, ఆ చెయ్యి దుప్పటి లోపల పెట్టి, దగ్గరగా వంగి చెప్పింది.

"దేవుడు అలా మాట్లాడడు, అత్తయ్యగారూ."

నాయనమ్మ పెదవులు గట్టిగా బిగించుకుంది. బుగ్గలు లోపలికి పోయాయి. నోట్లో ఏదో ఉన్నట్టు, మింగకూడదు, ఉమ్మకూడదు అన్నట్టు అలాగే ఉండిపోయింది. ఆ తరువాత ఆవిడ నోరు మాటకు తెరవలేదు, జావకూ తెరవలేదు. చర్చికి ఆవిడను శవపేటికలోనే తీసుకెళ్ళాం.

అమ్మ ఆ తరువాత చాలాకాలం బతికింది, చివరిదాకా నా దగ్గరే, ఈ రెండు గదుల్లోనే. నేను పెళ్ళి చేసుకోలేదు. పొద్దున ప్రార్థనకు ఇద్దరమే. మిల్లు కూత ఇక్కడికి వినబడదు. గుడి మైకు, ఆటోల హారన్లు మా గడువు. మౌనం అయ్యాక నేను అడగకుండానే అమ్మ, "ఏటీ లేదురా" అనేది. రోజూ అదే. పొయ్యి దగ్గర తల వంచి ఆగడం కూడా నేను మళ్ళీ చూడలేదు. ఒకసారి చెప్పింది: "మునుపు పొయ్యికాడ కూకుంటే పక్కన మనిషున్నట్టుండేది. ఆ పొద్దు ముసిల్దానికి ఆ మాట సెప్పినాక, పొయ్యే ఉంటాదిరా. పొయ్యొక్కటే." అలా అన్నందుకు బాధ ఉందా అని అడిగాను.  "అన్నందుకు లేదు. నిజిం సెప్పాలంటే మళ్ళీ అంతాను. ఆయన లేచెల్లిపోయినందుకుంది" అంది. మా అమ్మ అబద్ధం చెప్పలేని మనిషి. ఆ కొన్నేళ్ళు బెంచీ మీద కూర్చొని చెప్పినవి తప్ప.

ఇప్పటి చర్చిలో ఎవరికీ వినబడకపోవడం అనేది లేదు. కుర్ర పాస్టరు మైకులో, "ఇక్కడ ఒక సహోదరి ఉన్నది, ప్రభువు ఆమెతో మాట్లాడుతున్నాడు" అంటాడు, ఇద్దరు ముగ్గురు లేచి నిలబడతారు. వినబడినవాళ్ళు నిలబడే కాలం ఇది. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. బెంచీ చేరిందా అని మళ్ళీ ఫోను చేసినప్పుడు, "అయ్యగారూ, మీ పెద్దల ఇంట్లో రోజూ దేవుని స్వరం వినేవారట కదండీ, ఒక ఆదివారం వచ్చి సాక్ష్యం చెప్పండి" అన్నాడు. నా ఆరోగ్యం బాగాలేదన్నాను.

బెంచీ ఇంట్లోకి రాలేదు కనుక నా ప్రార్థన వీధిలోకి వెళ్ళింది. తెల్లవారుజామున జనం రాకముందు అరుగు మీద కూర్చుంటున్నాను. నాయనమ్మ చోటులో కాదు, అమ్మ చేతులు ఆనిన చోటుకు ముందు. వీపు నిటారుగా పెట్టుకొని, కళ్ళు మూసుకొని. మొన్న అలా కూర్చున్నప్పుడు బెంచీ కదిలింది. పక్కన ఎవరో కూర్చున్నారు. చెమట, పసుపు, బస్సు ప్రయాణం కలిసిన వాసన. కళ్ళు తెరవలేదు. గడువు ఇంకా ఉంది.

"బాబూ" అంది ఒక ముసలి గొంతు. "కాసిన్ని నీళ్ళుంటే ఇయ్యు బాబూ. బేగి. ఆటో ఎల్లిపోతాది."

దేవుడు అలా మాట్లాడడు. ఆ మాట నాలో ముందుగా లేచింది. నేను అనుకున్నది కాదు, నాకంటే ముందు ఆ హాలు అన్నది. అది పోయేదాకా ఆగాను. ఆ తరువాత లోపలికి వెళ్ళాను, కుండ మూత తీశాను, గ్లాసు కడిగాను, మా ఇంటి పద్ధతి ప్రకారం పళ్ళెంలో పెట్టి తెచ్చాను. వచ్చేసరికి ఆటో మలుపు తిరుగుతోంది. బెంచీ మీద ఎవరూ లేరు. పళ్ళెం ఒక చేత్తో పట్టుకొని, గుమ్మానికీ బెంచీకీ మధ్య ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డాను. రెండో చెయ్యి దేన్నో పట్టుకుంది. చూస్తే ఆ నల్లని, నున్నని అంచు. బెంచీ వెనక నేను నిలబడటం అదే మొదటిసారి.